ఎదురు పేజీ అర్థాలతో హామ్లెట్: ఒక విద్యార్థి ప్రతిపై సమీక్ష

అమలాపురంలో మా డిగ్రీ విద్యార్థులకు ఈ ఏడాది హామ్లెట్ పాఠం చెప్పడానికి, కుడి పేజీలో నాటకం, ఎడమ పేజీలో అర్థాలు ముద్రించిన ప్రతిని ఎంచుకున్నాము. కఠిన పదాలకు అర్థం చెప్పే పుస్తకాలు చాలా ఉన్నాయి. తెలిసినట్టే కనిపించి దారి తప్పించే మాటలను కూడా వదలకుండా పట్టుకోవడమే దీని గొప్పతనం. పాండవోద్యోగ విజయాలను తెల్లవార్లూ చూసే మన ఊళ్లలో, అక్కడి ఉద్యోగం నెలజీతానిది కాదని, యుద్ధ ప్రయత్నమని పెద్దలకు తెలుసు. 400 ఏళ్లు దాటిన ఆంగ్ల నాటకానికీ అలా చెప్పేవారు కావాలి.

తండ్రి ప్రేతం కనబడిందని విన్న హామ్లెట్, ఏదో ద్రోహం జరిగిందని 'డౌట్' పడతాడు. జరగలేదేమోనన్న సందేహం కాదది, జరిగే ఉంటుందన్న అనుమానం. 'వాడి మీదే నా డౌటు' అనే మనవాళ్లకు ఈ పాత అర్థమే దగ్గర.

అయితే ఎడమ పేజీ చాలాచోట్ల ఒక్క మాటతో సరిపెట్టింది. మొదటి రంగంలో బెర్నార్డో తన తోటి కాపలాదారులను 'రైవల్స్' అంటాడు. పుస్తకం 'భాగస్వాములు' అని చెప్పి ఊరుకుంది. లాటిన్ మూలంలో ఆ మాటకు ఒకే ఏటి నీటిని వాడుకునేవారని అర్థం. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయినప్పటి నుంచి కాలువ నీటిపై బతుకుతున్న ఈ డెల్టాలో, ఒకే పంట బోదె కింద సార్వాలో తోడుగా ఉన్న గట్టు పక్క రైతు, శివారు పొలానికి వంతు నీరు అందని దాళ్వాలో ప్రత్యర్థి ఎలా అవుతాడో ఎవరికీ విడమరచి చెప్పనక్కరలేదు. ఆ మూలాన్ని ఒక్క వాక్యంలో ఇచ్చి ఉంటే, తోడు, పోటీ అనే రెండర్థాలూ ఆ మాటలో ఎలా ఇమిడాయో విద్యార్థికి తెలిసేది.

'లెట్' విషయంలో లోపం ఇంకా పెద్దది. తనను 'లెట్' చేసేవాణ్ణి దయ్యాన్ని చేస్తానని హామ్లెట్ అన్నచోట 'అడ్డుకొను' అని మాత్రమే ఇచ్చారు. అనుమతించడం, అడ్డుకోవడం అనే అర్థాలున్న రెండు వేర్వేరు ప్రాచీన క్రియలు కాలక్రమంలో ఒకే ఉచ్చారణలో కలిసిపోయాయని చెప్పకపోవడంతో, ఒకే మాట తలకిందులైందని పిల్లలు భ్రమపడుతున్నారు. కోనసీమ నుంచి గల్ఫ్‌కు వెళ్లేవారి పాస్‌పోర్టులో 'వితౌట్ లెట్ ఆర్ హిండ్రన్స్' అన్నచోట ఆ రెండో క్రియ నుంచి వచ్చిన నామవాచకం నేటికీ ఉంది.

ముద్రణ శుభ్రంగా ఉంది, అంచున తెలుగులో రాసుకొనేంత చోటూ ఉంది. పరిశోధకులకు చాలదు గాని, హామ్లెట్‌ను మొదటిసారి చదివేవారు నిస్సంకోచంగా కొనవచ్చు.