ట్రాలీ స్టీరింగ్‌లో టకటక: షాఫ్ట్ మార్చి రెండు వానాకాలాలు నడిపాక

పికప్ స్టీరింగ్ టకటకమంటే చాలామంది ముందు రాక్ (స్టీరింగ్ తిప్పితే అటూ ఇటూ జరిగి చక్రాలను తిప్పే పళ్ల కడ్డీ) మీద పడతారు. నా బండిలో పోయింది రాక్ కాదు. స్టీరింగ్ రింగు కింద ఉండే కాలమ్‌ను రాక్‌తో కలిపే మూరెడు షాఫ్ట్. దాన్ని 2024 ఎండాకాలంలో మార్పించాను. ఆ తర్వాత రెండు వానాకాలాలు, ఒక మిర్చి సీజన్, 2026 జనవరిలో మేడారం జాతర కిరాయిలు అయ్యాయి. ఆ శబ్దం మళ్లీ వినపడలేదు. బండి కంపెనీ పేరు కావాలనే రాయడం లేదు. ఇలాంటి షాఫ్ట్ ఉన్న పికప్‌లు చాలా ఉన్నాయి, అన్నింట్లోనూ చూసే పద్ధతి ఒకటే.

బండి డీజిల్ పికప్, మేం ట్రాలీ అంటాం. హైడ్రాలిక్ పవర్ స్టీరింగ్, ముందు కాయిల్ స్ప్రింగులు, వెనక పట్టీలు. లక్ష కిలోమీటర్లు ఎప్పుడో దాటింది. ములుగు, పస్రా వైపు నుంచి వరంగల్ ఏనుమాముల మార్కెట్‌కు మిర్చి తేవడం, తిరిగి వెళ్లేటప్పుడు సిమెంటో కిరాణా సామానో ఏది దొరికితే అది వేసుకోవడం నా పని. (వరంగల్ చపాటా మిర్చికి 2025లో ఈ ప్రాంతపు ప్రత్యేక పంటగా జీఐ గుర్తింపు వచ్చింది. కిరాయి మాత్రం పాతదే.) 163 నంబరు హైవే మీద బండికి ఏ ఇబ్బందీ లేదు. గూడెప్పాడ్ దాటి ఏ ఊళ్లోకి దిగినా సీసీ రోడ్డు, ఇంటింటికీ ఒకటన్నట్టు ఊరివాళ్లే పోసుకున్న స్పీడ్ బ్రేకర్లు. బండి ముందు భాగం పాడయ్యేది అక్కడే.

శబ్దం ఎలా ఉండేదో కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే సగం రోగం అక్కడే తెలిసిపోతుంది. అరవైలో పోతుంటే ఏమీ లేదు. రెండో గేర్‌లో స్పీడ్ బ్రేకర్ ఎక్కుతూ స్టీరింగ్ కాస్త తిప్పితే టక్. మార్కెట్ గేటు దగ్గర లైన్లో జరుగుతూ కొద్దిగా ఎడమకు, కొద్దిగా కుడికి తిప్పితే టక్, టక్. అది చెవికంటే ముందు వేళ్లకు తెలిసేది. స్టీరింగ్‌ను గట్టిగా పట్టుకోకుండా వేళ్లు ఊరికే ఆనించి ఉంచితే, రింగును లోపలి నుంచి ఎవరో గోటితో కొట్టినట్టుండేది. పాదాల కింద ఫ్లోర్‌లో ఏమీ అదరలేదు. చక్రాల దగ్గరి బాల్ జాయింటో లింక్ రాడ్డో కొట్టుకుంటే మామూలుగా దెబ్బ ముందు ఫ్లోర్‌కు తెలుస్తుంది. వేళ్లకు మాత్రమే తెలుస్తోందంటే మొదట చూడాల్సింది చక్రాల వైపు కాదు, స్టీరింగ్ కింది షాఫ్ట్ వైపు.

మొదట చూపించిన పెద్ద గ్యారేజీలో బండిని ఒక రౌండు తిప్పి వచ్చి, "రాక్ పోయింది, మొత్తం మార్చుడే" అన్నారు. లేబర్‌తో కలిపి ఎస్టిమేట్ పాతిక వేలు దాటింది. కింద పడుకుని చూసినవాళ్లు లేరు. ఎక్కడ లూజు ఉందో చూపించమంటే చూపించలేదు. నేను డబ్బు కట్టలేదు, బండి తెచ్చుకున్నాను. రాక్‌ను అనుమానించడం తప్పని నేననను. రాక్‌లోనూ ఇలాంటి శబ్దం వస్తుంది. కానీ అది అన్నింటికంటే ఖరీదైన భాగం. అక్కడికి వెళ్లేముందు చూడాల్సినవి నాలుగైదు ఉన్నాయి, వాటికి పైసా ఖర్చు లేదు.

ఆటోనగర్‌లో చిన్న షెడ్డు పెట్టుకున్న ఒక పెద్దాయన అవన్నీ చూశాడు. ముందు బండి ముందు భాగాన్ని లేపాడు. జాకీ చాసిస్ కింద కాదు, స్ప్రింగు కూర్చునే కింది ఆర్మ్ కింద పెట్టాడు. అలా పెడితేనే బాల్ జాయింట్ మీద స్ప్రింగు ఒత్తిడి పోయి, అందులో లూజు ఉంటే బయటపడుతుంది. చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపాడు. ఒక పక్క కొంచెం కదిలింది. వెంటనే నన్ను బ్రేక్ తొక్కమన్నాడు. తొక్కగానే కదలిక ఆగిపోయింది. అంటే అది బాల్ జాయింట్ కాదు, వీల్ బేరింగ్ కొద్దిగా లూజు. తర్వాత చక్రాన్ని ఎడమా కుడీ పట్టుకుని ఊపాడు, ఇది రాక్‌ను చక్రాలకు కలిపే టై రాడ్ల కోసం. రెండు పక్కలా బాగానే ఉన్నాయి.

అసలు పరీక్ష ఆ తర్వాత. బండిని కిందికి దింపి, నాలుగు చక్రాల మీద బరువు నిలిచాక, ఇంజన్ స్టార్ట్ చేయించి న్యూట్రల్‌లో హ్యాండ్ బ్రేక్ వేయించాడు. "తమ్మీ, స్టీరింగ్ జర జర ఊపు. చక్రం తిరగొద్దు, ఊపుడే" అన్నాడు. నేను రెండు వేళ్ల మందం అటూ ఇటూ ఊపుతుంటే ఆయన కిందికి దూరి ఒక్కొక్క జాయింట్ మీద అరచెయ్యి పెడుతూ పోయాడు. బయటి టై రాడ్ ఎండ్, రాక్ బూటు మీంచి లోపలి టై రాడ్, రాక్‌ను చాసిస్‌కు పట్టి ఉంచే రబ్బరు బుష్‌లు. చివరికి ఇంజన్ గదిలోంచి చెయ్యి దూర్చి ఆ షాఫ్ట్‌ను పట్టుకున్నాడు. "అన్నా, ఏమైనా ఉందా" అంటే జవాబు చెప్పకుండా నా చెయ్యి లాగి దాని మీద పెట్టాడు. మా తమ్ముడు సీట్లో కూర్చుని ఊపుతుంటే నా అరచేతి కింద టక్కుమంది. "ఇగో గిక్కడ కొడ్తాంది" అన్నాడు.

ఆ షాఫ్ట్ ఎందుకు అరుగుతుందో తెలిస్తే కొత్తది కొనేటప్పుడు పనికొస్తుంది. కాలమ్, రాక్‌ను జరిపే పినియన్ (చిన్న పళ్ల చక్రం) ఒకే గీతలో ఉండవు, అందుకే షాఫ్ట్‌కు రెండు చివరలా వంపులోనూ తిరిగే యూనివర్సల్ జాయింట్లు ఉంటాయి. మధ్యలో అది ఒకే ముక్క కాదు, ఒక గొట్టంలోకి ఇంకోటి జారే పళ్ల అమరిక. ప్రమాదంలో ముడుచుకుపోయి స్టీరింగ్ డ్రైవర్ ఛాతీ మీదికి రాకుండా ఉండడానికి అది ఉపయోగపడుతుంది. పికప్‌లో ఇంకో పని కూడా ఉంది. క్యాబిన్ చాసిస్ మీద రబ్బర్ల మీద కూర్చుంటుంది కాబట్టి గతుకుల్లో రెండూ వేర్వేరుగా ఊగుతాయి, ఆ తేడాను ఈ జారే భాగమే సర్దుతుంది. గ్రీజు ఎండిపోయాక ఆ పళ్లు అరుగుతాయి. నాది అక్కడే అరిగింది. ఇప్పినాక రెండు ముక్కలనూ చేతుల్లో పట్టుకుని మెలితిప్పితే, కంటికి కనపడేంత ఆట (లూజు) ఉంది.

ఆ లూజును తాత్కాలికంగా కప్పిపెట్టే దారులు రెండు చెప్పారు నాకు. పళ్లలోకి గ్రీజు కొట్టడం ఒకటి. కొద్ది రోజులు శబ్దం నిజంగానే పోతుంది, పళ్లు మాత్రం పెరగవు కదా. రెండోది రాక్ కింద ఉండే అడ్జస్టింగ్ నట్టు బిగించడం. దీనికి నేను గట్టిగా వ్యతిరేకం. ఆ నట్టు వెనక స్ప్రింగు రాక్‌ను పినియన్‌కు ఆనించి ఉంచుతుంది. పరిమితి దాటి బిగిస్తే స్టీరింగ్ బరువెక్కుతుంది, మలుపు తర్వాత తనంతట తాను మధ్యకు రాదు. ములుగు రోడ్డు మలుపుల్లో బొగ్గు లారీ ఎదురొస్తుంటే అలాంటి స్టీరింగ్ చేతిలో ఉండడం నాకు ఇష్టం లేదు.

కొత్త షాఫ్ట్‌కు కంపెనీ పార్టే తీసుకున్నాను, నాలుగు వేల లోపే అయింది. డూప్లికేట్ సగం ధరకే దొరికింది. చేతిలో పట్టుకుని చూస్తే దాని జాయింట్ ఒక దిక్కు సాఫీగా, ఇంకో దిక్కు బిగుతుగా తిరిగింది, పక్కన పెట్టేశాను. టైరో బల్బో అయితే చవకది చూస్తాం గానీ, ఇది ఊడితే చేతిలో స్టీరింగ్ ఉంటుంది, చక్రాలు మాత్రం వాటి దారిన అవి పోతాయి.

బిగింపు గంట పని. చక్రాలు నేరుగా పెట్టి, స్టీరింగ్‌ను సీటు బెల్టుతో కట్టేసి, ఇప్పే ముందు కాలమ్ మీదా పినియన్ మీదా తెల్ల పెయింటు గీత పెట్టాడు. షాఫ్ట్ బయట ఉన్నప్పుడు స్టీరింగ్ గిరగిరా తిరిగితే, ఎయిర్‌బ్యాగ్ ఉన్న బండ్లలో దాని వైరు చుట్ట తెగిపోతుంది. షాఫ్ట్ రెండు చివరలా కొత్త బోల్టులే వేశాడు. బోల్టు పినియన్ గాడిలోంచి వెళ్లాలి కాబట్టి షాఫ్ట్ పూర్తిగా దిగితేనే అది దూరుతుంది. దూరకపోతే సుత్తి తీయకూడదు, షాఫ్ట్‌ను ఇంకా లోపలికి దింపాలి. బోల్టు ఎంత బిగిందో కొలిచే టార్క్ రెంచ్ వాడిన మెకానిక్‌ను నేను చూడటం అదే మొదటిసారి.

వాడకంలో: మొదటి వారం స్టీరింగ్ రవ్వంత బిగుతుగా అనిపించింది, తర్వాత సర్దుకుంది. ఇంతకుముందు మధ్యలో ఉండే ఖాళీ ఆట తగ్గింది. రింగు మీద దారం కట్టి పక్కన స్కేలు పెట్టి చూస్తే, చక్రాలు కదలకుండా రింగు జరిగేది ఇప్పుడు చాలా తక్కువ. చాలా బండ్లకు 30 మిల్లీమీటర్ల వరకు మామూలే అంటారు, నాది అందులో సగం కూడా లేదు. జాతర రద్దీలో రోజంతా మొదటి గేర్‌లో పాకించినా వేళ్లకు ఏమీ తగల్లేదు.

నచ్చనివీ ఉన్నాయి. పార్టు వరంగల్‌లో దొరకలేదు, హైదరాబాద్ నుంచి తెప్పించేసరికి కిరాయిలు పోయాయి. పెద్ద శబ్దం పోయాక చిన్నవి వినపడటం మొదలైంది. స్టెబిలైజర్ లింకుల (పైన చెప్పిన లింక్ రాడ్లు) రబ్బర్లు అరిగిన సంగతి అప్పుడే తెలిసింది. రెండు లింకులూ విప్పి గతుకుల మీద మెల్లగా నడిపిస్తే శబ్దం లేదు, బిగిస్తే ఉంది. అవీ మార్చాను. ఆ రబ్బర్లు తొందరగా పోవడానికి వాటర్ సర్వీసింగ్ దగ్గర కింద కొట్టే డీజిల్ స్ప్రే కూడా కారణమని నా నమ్మకం. డీజిల్ తగిలితే రబ్బరు ఉబ్బి మెత్తబడుతుంది. చాసిస్ మెరుస్తుందని అందరూ కొట్టించుకుంటారు, నేను మాన్పించాను.

మీ బండి శబ్దం వేళ్లకు కాక పాదాలకు తెలుస్తుంటే ఈ షాఫ్ట్ మీద డబ్బు పెట్టకండి, కింది ఆర్మ్ బుష్‌లూ బాల్ జాయింట్లూ ముందు చూడండి. ఇంజన్ ఆపి స్టీరింగ్ ఊపినప్పుడు తెలిసే కొద్దిపాటి ఆటను చూసి కూడా భయపడొద్దు. పవర్ స్టీరింగ్ వాల్వులోని, కొద్దిగా మెలిపడే టార్షన్ బార్ అనే సన్న కడ్డీ వల్ల అది కొంత మామూలే, అందుకే ఆ పెద్దాయన ఇంజన్ నడిపించి చూశాడు. నా బండికి ఎడమ టై రాడ్ ఎండ్ రబ్బరు బూటు మొన్న చిరిగింది, గ్రీజు బయటికి వస్తోంది. ఇంకా లూజు రాలేదు. ఈ మిర్చి సీజన్ అవ్వగానే అది మార్పించి, అలైన్‌మెంట్ చేయించాలి.