లవంగ నూనె: మూడేళ్లు వాడాక

పంటి పోటుకి లవంగ నూనె పనిచేస్తుందా అని ఎవరు అడిగినా నాది ఒకటే మాట: పనిచేస్తుంది, అదీ నిమిషాల్లో. నేను మొదట వాడింది కనుమ నాటి రాత్రి. జగ్గన్నతోట ప్రభల తీర్థం చూసి ఇంటికొచ్చి పూతరేకు కొరికాను, కుడి దవడ పన్ను జివ్వుమంది. పండగ పూట పళ్ల డాక్టర్ ఎక్కడ దొరుకుతాడు? అమ్మ దూది మీద రెండు చుక్కలు వేసి పంటికి అద్దింది. ముందు ఘాటు, ఆ తర్వాత నాలుక అంచుదాకా తిమ్మిరి. హాయిగా నిద్రపట్టేసింది.

ఆ తిమ్మిరి యూజినాల్ చలవ. లవంగ మొగ్గల నూనెలో నూటికి 70 నుంచి 90 వంతులు అదే ఉంటుంది. నొప్పి కబురు మోసే నరాలను అది కాసేపు మొద్దుబారుస్తుంది.

ఆ నమ్మకంతోనే నిరుడు వేసవిలో దెబ్బతిన్నాను. అదే పన్ను మళ్లీ పోటెత్తింది. అమ్మ ఊళ్లో లేదు. ఏమీ కలపకుండా దూది నిండా తడిపి, పంటి పక్కన పెట్టుకుని అలాగే పడుకున్నాను. తెల్లారి అద్దంలో చూసుకుంటే చిగురు తెల్లగా పాలిపోయి ఉంది. వేలు తగిలితే పొరలా ఊడొచ్చింది. కొత్తావకాయ జాడీ ఎదురుగా ఉన్నా వారం రోజులు పెరుగన్నమే గతి. ఘాటు నూనె నేరుగా తగిలితే చిగురు కాలుతుందని అమ్మకి తెలుసట. మొదటిసారి ఆవిడ వేసిన రెండు చుక్కలూ చెంచాడు కొబ్బరి నూనెలో కలిపినవే. నేను అది గమనించనేలేదు.

అప్పుడు వెళ్లాను డాక్టర్ దగ్గరికి. పుచ్చు నరందాకా దిగిపోయింది. నొప్పి ఆగిందే తప్ప పుచ్చు ఆగలేదన్నమాట. శుభ్రం చేసి తాత్కాలికంగా ఏదో నింపారు. నోట్లో అదే లవంగం వాసన! అడిగితే జింక్ ఆక్సైడ్, యూజినాల్ కలిపిన ముద్ద అన్నారు. అంత బాధలోనూ నాకు భలే సంతోషమేసింది.

ఇంకొక మాట. నేను కొన్న రెండో సీసా చవగ్గా వచ్చింది కానీ తిమ్మిరి ఎక్కలేదు. గ్లాసు నీళ్లలో ఒక చుక్క వేసి చూశాను, పైనే తేలింది. అసలు లవంగ నూనె నీటికంటే బరువు, అడుగుకి దిగాలి. మొదటి సీసాలోది చక్కగా దిగింది. మునిగినంత మాత్రాన అసలైనదని చెప్పలేం గానీ, తేలిన దాన్ని మాత్రం నేను నోట్లో పెట్టను.

ఇప్పటికీ ఒక సీసా ఇంట్లో ఉంచుకుంటున్నాను, డాక్టర్‌ని కలిసేదాకా ఒక రాత్రి గడవడానికి. మా ఇంట్లో పసిపిల్లలు లేరు కాబట్టే ఆ ధైర్యం. ఒకటి రెండు చెంచాలు మింగిన చిన్నపిల్లలకు కాలేయం దెబ్బతిన్న సందర్భాలున్నాయి. సెలవులకి మేనల్లుడు వస్తే మాత్రం సీసాని బీరువాలో పెట్టి తాళం వేస్తాను.