‘విశ్వాసి అధికారం’ సాయంత్రపు తరగతులు: పాఠం గట్టిది, చివరి సాయంత్రం దానికి ఎదురు నడిచింది

విజయవాడలోని ఒక స్వతంత్ర సంఘం వేసవిలో నిర్వహించే ‘విశ్వాసి అధికారం’ తరగతులకు ఈ ఏడాది హాజరయ్యాను. క్రీస్తును నమ్మిన ప్రతివారికీ అపవాది మీద, అంధకార శక్తుల మీద ఆయన నామంలో అధికారం ఉన్నదనే బోధను వాక్యం ఆధారంగా వివరించి, దానిని వ్యక్తిగత ప్రార్థనలో ఎలా వినియోగించుకోవాలో నేర్పడం ఈ తరగతుల ఉద్దేశం. ప్రవేశ రుసుము లేదు; పాఠ్యపుస్తకానికి 150 రూపాయలు తీసుకుంటారు, చివరి సాయంత్రం కానుక సంచి తిరుగుతుంది. ఇటువంటి తరగతులు మన రెండు రాష్ట్రాల్లోనూ ఇంచుమించు ఇదే క్రమంలో చాలాచోట్ల జరుగుతున్నాయి గనుక సంఘం పేరు రాయడం లేదు. వెళ్లదలచినవారికి అక్కడ ఏమి దొరుకుతుందో, ఎక్కడ జాగ్రత్తగా వినాలో చెప్పడం వరకే నా పని.

తరగతుల్లో అన్నిటికంటే విలువైన భాగం అపొస్తలుడైన పౌలు ఎఫెసీయులకు వ్రాసిన పత్రిక (లేఖ) మీద సాగిన పాఠాలు. దేవుడు క్రీస్తును మృతులలోనుండి లేపి, సమస్త ఆధిపత్యానికీ అధికారానికీ పైగా తన కుడిపార్శ్వమున కూర్చుండబెట్టాడని మొదటి అధ్యాయం చెబుతుంది; విశ్వాసులను కూడా ఆయనతో పాటు పరలోకంలో కూర్చుండబెట్టాడని రెండవ అధ్యాయం ఆరవ వచనం చెబుతుంది. ఈ రెంటినీ జతచేసి, విశ్వాసి అధికారం అతని భక్తి తీవ్రతలోనుండి గాని, ఉపవాస దినాల లెక్కలోనుండి గాని పుట్టేది కాదనీ, క్రీస్తు కూర్చున్న స్థానాన్ని బట్టి మాత్రమే వచ్చేదనీ బోధకుడు తొందరపడకుండా, వచనం వెంట వచనం చూపిస్తూ నిరూపించారు. ఈ వాదన కొత్తది కాదు. చైనాలోనూ ఫిలిప్పీన్స్‌లోనూ మిషనరీగా పనిచేసిన కెనడా దేశస్థుడు జాన్ మాక్‌మిలన్ 1932లో ఒక క్రైస్తవ వారపత్రికలో వరుసగా రాసిన వ్యాసాల్లో దీనికి ఇప్పటి రూపం ఏర్పడింది. తరువాతి తరంలో కెనెత్ హేగిన్ వంటి అమెరికా బోధకుల ద్వారా అది, విశ్వాసంతో నోట పలికినది దక్కుతుందని బోధించే ‘విశ్వాస ఉద్యమం’లోకి ప్రవహించి, స్వస్థత, సమృద్ధి బోధలతో కలిసిపోయింది. పాఠ్యపుస్తకంలో ఈ చరిత్ర ఒక్క వాక్యమైనా లేదు. రెండు పాయలు వేరువేరుగా తెలిస్తే ఏ పాఠం ఎక్కడినుండి వచ్చిందో విద్యార్థి గుర్తుపట్టగలిగేవాడు, ఎందుకంటే ఈ తరగతుల్లో మొదటి సగం మాక్‌మిలన్ వైపు, రెండవ సగం హేగిన్ వైపు మొగ్గుతుంది.

అధికారానికీ సొంత బలానికీ తేడా చెప్పడానికి ఈ బోధలో ఎప్పటినుండో వాడుతున్న ట్రాఫిక్ పోలీసు ఉపమానాన్ని ఇక్కడ బెంజ్ సర్కిల్ కానిస్టేబుల్‌గా మార్చి చెప్పారు. లారీని ఆపగల కండబలం ఆయనకు లేకపోయినా, చెయ్యి ఎత్తితే లారీ ఆగుతుంది, ఎందుకంటే ఆయన వెనుక ప్రభుత్వం ఉంది. వినేవారికి వెంటనే అర్థమైంది, కొందరు నవ్వారు కూడా. అయితే ఆ కానిస్టేబుల్ లారీని ఆపగలడే తప్ప తనకు నచ్చిన ఊరికి పంపించలేడనే రెండవ సగాన్ని బోధకుడు వదిలివేశారు. తరువాతి వారాల్లో వచ్చిన చిక్కులన్నీ ఆ వదిలివేసిన సగంలోనే ఉన్నాయని నా అభిప్రాయం.

ఆ సగాన్ని సువార్తలోని శతాధిపతి పూరించగలడు. మత్తయి ఎనిమిదవ అధ్యాయంలో తన దాసుడి కోసం యేసు దగ్గరికి వచ్చిన ఆ రోమా అధికారి, తాను కూడా అధికారానికి లోబడినవాడనని ముందు చెప్పుకొని, ఆ తరువాతే తన చేతికింద సైనికులున్నారని అంటాడు. అతడు పక్షవాతాన్ని గద్దించలేదు, ఇంటికి వెళ్లి ఆజ్ఞ ఇవ్వలేదు. మాట మాత్రం సెలవియ్యమని యేసును వేడుకున్నాడు. ఇశ్రాయేలులో ఎవనికైనను ఇంత విశ్వాసమున్నట్టు చూడలేదని యేసు మెచ్చుకున్నది అధికారం కింద నిలబడటం ఎరిగిన ఈ మనిషిని. యాకోబు పత్రికలో కూడా దేవునికి లోబడమన్న మాట ముందు వస్తుంది, అపవాదిని ఎదిరించమన్న మాట వెనుక వస్తుంది. పుస్తకంలో ఈ వచనం రెండవ సగం మాత్రమే పెద్ద అక్షరాలతో అచ్చయింది.

స్కెవ కుమారుల పాఠాన్ని పాస్టరమ్మగారు చెప్పారు. తరగతులన్నిటిలో నాకు అదే మిన్నగా తోచింది. అపొస్తలుల కార్యముల పంతొమ్మిదవ అధ్యాయంలో, పౌలు ప్రకటించే యేసు పేరును మంత్రంలాగా పలికిన ఆ ఏడుగురిని, దయ్యం పట్టినవాడు ‘మీరెవర’ని అడిగి, గాయపరిచి, బట్టలు లేకుండా ఇంట్లోనుండి తరిమివేసిన సంగతిని ఆమె ఏ ఆర్భాటం లేకుండా వివరించి, క్రీస్తుతో సంబంధం లేనివారి నోట ఆ నామం కేవలం శబ్దమేనని చెప్పారు. తాయెత్తుకు బదులు నూనె సీసా, మంత్రానికి బదులు వచనం పెట్టుకున్నంత మాత్రాన మన భయాలు క్రైస్తవ భయాలు అయిపోవని ఆమె అన్నప్పుడు హాలంతా నిశ్శబ్దమైంది. దిష్టి, చేతబడి భయాలు ఇంకా వదలని మన కుటుంబాలకు ఈ ఒక్క పాఠం కోసమైనా తరగతులకు వెళ్లవచ్చు.

‘కట్టివేయుట, విప్పుట’, అంటే భూమిమీద మీరు బంధించేది పరలోకంలోనూ బంధింపబడుతుందన్న యేసు మాటల మీద చెప్పిన పాఠం, ఇంత శ్రద్ధగా తయారు కాలేదు. అప్పును, కోర్టు కేసును, పొరుగువారి అసూయను సైతం పేరు పెట్టి కట్టివేయాలని నేర్పారు. మత్తయి పద్దెనిమిదవ అధ్యాయంలో ఆ మాటల చుట్టూ ఉన్న సందర్భం, తప్పు చేసిన సహోదరుని ఒంటరిగా గద్దించడం, ఇద్దరు ముగ్గురు సాక్షులతో వెళ్లడం, చివరికి సంఘానికి తెలియజేయడం గురించినది. ఆ వచనాన్ని దాని స్థానంలో ఉంచి చదివితే, సంఘ క్రమశిక్షణ గురించి మన సంఘాల్లో అరుదుగా వినిపించే పాఠం ఒకటి దొరికేది.

నమ్మినవారు దయ్యాలను వెళ్లగొడతారని, పాములను ఎత్తి పట్టుకొంటారని చెప్పే మార్కు సువార్త చివరి వచనాల మీద ఆధారపడిన భాగం గురించి కూడా చెప్పాలి. పదహారవ అధ్యాయంలోని తొమ్మిది నుండి ఇరవై వరకు వచనాలు నాలుగవ శతాబ్దపు ప్రాచీన ప్రతులైన సినాయి ప్రతిలోనూ వాటికన్ ప్రతిలోనూ లేవు. అందువల్ల ఆ వచనాలను చదవకూడదని కాదు, ఒక సిద్ధాంతం భారమంతా వాటిమీదే మోపకూడదని. పాములను ఎత్తి పట్టుకొందురనే మాటను అక్షరాలా తీసుకొని అమెరికాలో ఆ ఆచారాన్ని వ్యాపింపజేసిన జార్జ్ హెన్స్లీ 1955లో పాముకాటుతోనే చనిపోయాడు. పాఠ్యపుస్తకం ఈ వచనాలను పెట్టెకట్టి ముద్రించింది గాని, అడుగున చిన్న వివరణ అయినా ఇవ్వలేదు.

ఇక స్వస్థత పాఠం. రోగం మీద ఆజ్ఞాపించే అధికారం విశ్వాసికి ఉన్నదనీ, స్వస్థత రాకపోతే ఆ అధికారాన్ని వాడుకోవడం తెలియకపోవడమే కారణమనీ చెప్పారు. ఈ మాట వింటున్నవారిలో బిడ్డను పోగొట్టుకున్న తల్లులు, డయాలసిస్‌కు వెళ్లి వచ్చినవారు ఉంటారన్న స్పృహ బోధకునికి ఉండవలసింది. పౌలు త్రోఫిమును రోగిగా మిలేతులో విడిచి వచ్చాడు. తిమోతికి కడుపు జబ్బు కోసం కొంచెం ద్రాక్షారసం తీసుకోమని సలహా ఇచ్చాడు. ఎపఫ్రొదితు చావుకు దగ్గరగా వెళ్లినప్పుడు దేవుడు కనికరించాడని రాశాడు గాని తన ఆజ్ఞ వల్ల లేచాడని రాయలేదు. తన శరీరంలోని ముల్లు తొలగాలని ముమ్మారు వేడుకున్నప్పుడు ఆయనకు దొరికిన జవాబు ‘నా కృప నీకు చాలును’ అన్నదే. పుస్తకం మొత్తంలో ఈ నాలుగు సంగతుల్లో ఒక్కటీ కనిపించదు. మందులు మానవద్దని పాస్టరు అయ్యగారు స్పష్టంగానే చెప్పారు, ఆ మేరకు ఆయనను మెచ్చుకోవాలి. కాని వెంటనే సాక్ష్యం చెప్పడానికి వేదిక ఎక్కిన ఒకరు షుగరు మాత్రలు మానివేసిన విషయాన్ని విశ్వాసానికి రుజువుగా చెప్పినప్పుడు ఆయన సరిదిద్దలేదు, పైగా హాలు చప్పట్లతో నిండిపోయింది.

ఎఫెసీ పత్రికను అంత బాగా చెప్పినవారు దాని ముగింపు దాకా వెళ్లి ఉంటే ఈ పాఠం వేరుగా ఉండేదేమో. సర్వాంగ కవచం గురించిన వచనాల్లో దట్టి, మైమరువు, జోడు, డాలు, శిరస్త్రాణము, ఖడ్గము అన్నీ వరుసగా వస్తాయి. అక్కడ పదే పదే వినిపించే ఆజ్ఞ నిలబడమనేదే. ఆ వెంటనే పౌలు తన కోసం ప్రార్థించమని కోరుతూ, తాను సంకెళ్లలో ఉన్న రాయబారినని గుర్తుచేస్తాడు. పరలోకంలో క్రీస్తుతో కూర్చున్నవాడే చెరసాలలో కూర్చొని ఉన్నాడు. సంకెళ్లు తెగాలని కాక, సువార్త ధైర్యంగా మాట్లాడగలగాలని ప్రార్థన అడుగుతున్నాడు. అధికారం గురించిన పాఠక్రమానికి ఇంతకంటే తగిన చివరి పాఠం నాకు తోచడం లేదు.

చివరి సాయంత్రం జరిగిన కార్యక్రమం మాత్రం తరగతుల సారాన్నే తలకిందులు చేసింది. అధికారం ప్రతి విశ్వాసికీ సమానంగా ఉందని వారాల తరబడి విన్నవారందరూ అయ్యగారి చెయ్యి తలమీద పడటానికి రాత్రి పొద్దుపోయేదాకా బారులు తీరారు. అభిషేక తైలం సీసాలు బల్లమీద అమ్మకానికి పెట్టారు, కీబోర్డు హోరులో ఎవరి ప్రార్థన వారికే వినపడలేదు. మోషే శరీరం విషయమై అపవాదితో వాదించిన ప్రధానదూత మిఖాయేలు కూడా దూషించి తీర్పు చెప్పక ‘ప్రభువు నిన్ను గద్దించును గాక’ అని మాత్రమే అన్నాడని యూదా పత్రికలో చదివినవారికి అపవాదిని గద్దిస్తూ అక్కడ వేసిన కేకలు ఎబ్బెట్టుగా తోచక మానవు. విశ్వాసులందరూ రాజులైన యాజక సమూహమని పేతురు రాసిన మాటను పట్టుకొని మార్టిన్ లూథర్ 1520లో చర్చి గురువుల గుత్తాధిపత్యాన్ని ప్రశ్నించాడు. ఆయన పేరుతో ఉన్న సంఘంలో గుంటూరులో పెరిగిన నాకు, అదే సత్యాన్ని అంత చక్కగా బోధించిన చోటే మళ్లీ ఒక మనిషి చేతికోసం వరుస కట్టడం మింగుడుపడలేదు.

ఏర్పాట్ల విషయంలో పెద్దగా ఫిర్యాదు లేదు. కుర్చీలు, ఫ్యాన్లు సరిపోయాయి, టీ వేళకు అందింది, సమయానికి మొదలుపెట్టి సమయానికి ముగించారు, చివరి రోజు తప్ప. స్పీకర్ల మోత ఎక్కువ గనుక వెనుక వరుసల్లో కూర్చోవడం మేలు. పుస్తకంలో అచ్చుతప్పులు ఉన్నాయి. కొన్ని వచనాల సంఖ్యలు తప్పుగా పడినందున బైబిలు పక్కన పెట్టుకొని సరిచూసుకోవాలి.

ఎఫెసీ పాఠాలకూ స్కెవ కుమారుల పాఠానికీ వెళ్లండి. పుస్తకం కొనండి, ఇచ్చిన వెలకు న్యాయమే. ‘కట్టివేయుట’ పాఠం తప్పిపోయినా నష్టం లేదు. స్వస్థత పాఠానికి ఇంట్లోని పెద్దవారిని వెంట తీసుకువెళ్లేవారు, తిరిగి వచ్చాక ఆ రాత్రి వేసుకోవలసిన మాత్రలు వేసుకున్నారో లేదో దగ్గరుండి చూసుకోవాలి.