బాల్ పైథాన్ పెట్టెకు రాత్రి వేడి: ఏది కొనాలి, ఏది వద్దు

అమెరికాలో ఏ పెట్ షాపుకెళ్లినా పాముల సామాను పెట్టే అరలో ఎర్ర, నీలం రంగు గాజు బల్బులు కనిపిస్తాయి. డబ్బా మీద రాత్రి వాడుకోవచ్చని రాసి ఉంటుంది. ఆ వెలుగు పాముకు కనబడదు, వేడి మాత్రమే తగులుతుందని అమ్మేవాళ్లు చెబుతారు. బాల్ పైథాన్ అనే కొండచిలువ విషయంలో ఇది నిజం కాదు. 1999లో ఈ పాము కంటిని పరీక్షించిన పరిశోధకులు మసక వెలుతురులో పనిచేసే రాడ్ కణాలు 494 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం (నీలి-ఆకుపచ్చ వెలుగు) దగ్గర, మంచి వెలుతురులో పనిచేసే పెద్ద కోన్ కణాలు 551 దగ్గర, చిన్న కోన్ కణాలు 360 దగ్గర ఎక్కువగా స్పందిస్తాయని తేల్చారు. నీలం వెలుగు సరిగ్గా రాడ్ కణాల పరిధిలోనే పడుతుంది. ఎరుపు మసకగా కనిపిస్తుందే తప్ప మాయమైపోదు, పైగా రంగు పూసిన గాజులోంచి నారింజ వెలుగు కూడా బయటికొస్తుంది. పశ్చిమ ఆఫ్రికాలో పగలంతా ఎలుక బొరియల్లో, చెదపుట్టల్లో దాక్కుని చీకటి పడ్డాక కదిలే జీవి ఇది. రాత్రంతా బల్బు వెలుగుతుంటే దానికి రాత్రే ఉండదు. అందుకే రంగు బల్బులకు మా సిఫార్సు లేదు, ఎంత చవకైనా సరే.

కావాల్సింది వెలుగు లేని వేడి. అది ఎంత అన్నది మీ గదిని బట్టి ఉంటుంది. పగలు వేడి వైపు గాలి 30-32 డిగ్రీల సెల్సియస్, చల్లని వైపు 25-27 ఉండాలి. రాత్రి వేడి వైపు 26-27కి దిగినా మంచిదే, కానీ పెట్టెలో ఏ మూలా 24 కంటే తగ్గకూడదు. గది రాత్రంతా 25 దగ్గర ఉంటే రాత్రి హీటరే అక్కర్లేదు. చలికాలంలో ఇంటి హీటింగ్‌ను 68 ఫారెన్‌హీట్‌కు తగ్గించి పడుకుంటే గది 20 సెల్సియస్‌కు దిగుతుంది. అప్పుడు హీటర్ తప్పదు. ముందు మూడు రాత్రులు ఒక థర్మామీటర్‌ను పెట్టె పక్కన పెట్టి, తెల్లవారుజామున ఎంత ఉందో రాసుకోండి. ఆ తర్వాతే కొనండి.

నాలుగడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, రెండడుగుల ఎత్తు ఉన్న పెట్టెకు మా మొదటి ఎంపిక సిరామిక్ హీట్ ఎమిటర్. ఇది మామూలు బల్బులా మరలు ఉన్న హోల్డర్‌లోకి ఎక్కుతుంది, వెలుగు ఒక్క చుక్క కూడా రాదు, ఏళ్ల తరబడి పనిచేస్తుంది. 20 డిగ్రీల గదికి 100 వాట్లు సరిపోతాయి. 150 వాట్లది కొంటే థర్మోస్టాట్ (వేడిని అదుపు చేసే పరికరం) మొరాయించిన రోజున పెట్టె పొయ్యి అయిపోతుంది. హోల్డర్ తప్పనిసరిగా పింగాణీది కావాలి. ప్లాస్టిక్ హోల్డర్ ఈ కాకకు కరిగి నిప్పంటుకోవచ్చు. ఎమిటర్ పైపెంకు 200 డిగ్రీలు దాటుతుంది కాబట్టి పెట్టె లోపల బిగిస్తే చుట్టూ తీగల పంజరం ఉండాలి. లేకపోతే పాము దాన్ని చుట్టుకుని కాలిపోతుంది. వలమూత ఉన్న గాజు పెట్టెకైతే డోమ్‌ను (హోల్డర్ ఉన్న గిన్నెలాంటి లోహపు కప్పును) క్లిప్పుతో కాకుండా స్టాండుకు వేలాడదీయండి. క్లిప్పు జారి కార్పెట్ మీద పడితే ఇల్లే అంటుకుంటుంది.

ఎమిటర్ పెద్ద లోపం గాలిని ఎండగట్టడం. తేమ 60 శాతం కంటే బాగా పడిపోతే కుబుసం ఒక్కటిగా ఊడకుండా ముక్కలు ముక్కలుగా వస్తుంది, కంటి మీది పొర అలాగే ఉండిపోతుంది. పైన నీళ్లు చిలకరిస్తే గంటలో ఆవిరైపోతాయి. మూడు నాలుగు అంగుళాల మందాన కొబ్బరి పొట్టు పరిచి, మూలల్లో నీళ్లు పోయండి. అడుగు తడిగా, పైపొర పొడిగా ఉంటుంది. వలమూతలో హీటర్ కింద భాగం వదిలి, మిగతా దాని మీద అల్యూమినియం ఫాయిల్ కప్పితే తేమ నిలుస్తుంది.

ఆర్కాడియా వారి డీప్ హీట్ ప్రొజెక్టర్ సిరామిక్ ఎమిటర్ కంటే మెరుగైన సెగ ఇస్తుంది. సిరామిక్ నుంచి వచ్చేది ఎక్కువగా దూరపు పరారుణం (ఇన్‌ఫ్రారెడ్, కంటికి కనబడని సెగ), అది చర్మం పైపైనే ఆగిపోతుంది. ప్రొజెక్టర్‌లో దగ్గరి, మధ్య పరారుణ కిరణాలు సిరామిక్ కంటే ఎక్కువ, అవి ఇంకా లోతుగా దిగుతాయి. పగలూ రాత్రీ ఒకే హీటర్ పెట్టాలనుకునేవాళ్లు ఇదే కొనాలి. అయితే దీనికి డిమ్మింగ్ థర్మోస్టాట్ (కరెంటును ఒక్కసారిగా ఆపకుండా కొద్దికొద్దిగా తగ్గించే రకం) కావాలి, మాటిమాటికీ వేసి ఆపేస్తే త్వరగా పోతుంది. ఆ థర్మోస్టాట్‌తో కలిపి ఖర్చు చూసుకోండి. పీవీసీ పెట్టె ఉన్నవాళ్లకు కప్పుకు బిగించే రేడియంట్ హీట్ ప్యానెల్ కూడా మంచి వస్తువే. సెగ పరుచుకుని వస్తుంది, పంజరం అక్కర్లేదు, సాధారణంగా 80 వాట్లు చాలు.

అడుగున అంటించే హీట్ మ్యాట్ గాలిని వేడెక్కించదు, కాబట్టి చల్లని గదిలో అది ఒక్కటే చాలదు. నేలలో మూడో వంతు మించి పరచకూడదు. పైన కొబ్బరి పొట్టు మందంగా ఉంటే వేడి పైకి రాక అడుగునే పేరుకుంటుంది, పాము తవ్వుకుని కిందికి వెళ్లి పొట్ట కాల్చుకుంటుంది. పాములు కాలుతున్నా వెంటనే పక్కకు జరగవు. పొట్ట పొలుసులు ఎర్రబడి బొబ్బలు వచ్చాకే యజమానులకు తెలుస్తుంది. ఇదే కారణంతో కరెంటు వేడి రాళ్లను పెట్టెలోకి రానివ్వకండి.

ఇక థర్మోస్టాట్. బడ్జెట్ బిగువుగా ఉంటే హీటర్ చవకది కొనండి, దీన్ని మాత్రం తగ్గించకండి. సిరామిక్‌కు ఇంక్‌బర్డ్ ఐటీసీ-308 లాంటి ఆన్-ఆఫ్ రకం సరిపోతుంది. రాత్రికి టీఎస్ (కావాల్సిన ఉష్ణోగ్రత) 27, హెచ్‌డీ (ఎంత తగ్గాక హీటర్ వేయాలి) 1 అని పెడితే 26కి దిగినప్పుడు హీటర్ వేస్తుంది, 27కి ఆపేస్తుంది. ఎమిటర్ ఆగాక కూడా కాసేపు కాకను వదులుతుంది, అందుకని ఒకటి రెండు డిగ్రీలు పైకి పోవడం మామూలే. ఏహెచ్ అనే హెచ్చు అలారాన్ని 36 దగ్గర పెట్టుకోండి. రాత్రి తనంతట తానే ఉష్ణోగ్రత తగ్గించే ఏర్పాటు ఇందులో లేదు. అది కావాలంటే హెర్ప్‌స్టాట్ లాంటివి చూడాలి, వాటి ధర కొన్ని రెట్లు ఎక్కువ, కానీ డిమ్మింగ్ కూడా వస్తుంది.

ఎక్కువ ప్రమాదాలు ప్రోబ్ (ఉష్ణోగ్రతను కొలిచి థర్మోస్టాట్‌కు చెప్పే తీగ కొన) దగ్గరే జరుగుతాయి. హీటర్ కింద, పొట్టుకు రెండంగుళాల ఎత్తున దాన్ని గట్టిగా బిగించాలి. అది ఊడి చల్లని వైపు పడితే హీటర్ ఆగకుండా మండుతుంది. నీళ్ల తొట్టి ఒలికి ప్రోబ్ తడిసినా అంతే. టేపుతో మాత్రం అంటించకండి, పాము ఇరుక్కుంటే పొలుసులు ఊడొస్తాయి. ప్లాస్టిక్ టై లేదా గ్లూ గన్ వాడండి. థర్మోస్టాట్ లోపలి స్విచ్చు (రిలే) ఆన్‌లోనే అతుక్కుపోయే సందర్భానికి మొదటి థర్మోస్టాట్‌ను రెండోదానికి గుచ్చి, రెండోదాన్ని రెండు డిగ్రీలు ఎక్కువకు పెట్టండి. పాముని దించే ముందు రెండు రోజులు ఖాళీ పెట్టెను నడిపి, తాకకుండానే వేడిని కొలిచే ఇన్‌ఫ్రారెడ్ గన్‌తో నేలను, విడి థర్మామీటర్‌తో గాలిని కొలవండి.

వెలుగు పగటికే. టైమర్ పెట్టి 12 గంటలు వేయండి. యూవీబీ (అతినీలలోహిత కిరణాలు) వాడేవాళ్లకు ఆర్కాడియా షేడ్‌డ్వెల్లర్ 7 శాతం ట్యూబు సరిపోతుంది. రాత్రి పామును చూడాలనిపిస్తే గది అవతలి మూల చిన్న దీపం వేసుకోండి, పెట్టె మీద వద్దు.

ఇండియాలో మన నాగులు, జెర్రిపోతులు పెంచడం 1972 వన్యప్రాణి చట్టం కింద నేరం. బాల్ పైథాన్ సైటీస్ (వన్యప్రాణుల వ్యాపారంపై అంతర్జాతీయ ఒప్పందం) రెండో అనుబంధంలో ఉంది కాబట్టి, 2024 నిబంధనల ప్రకారం కేంద్ర పర్యావరణ శాఖ పరివేశ్ పోర్టల్‌లో నమోదు చేయాలి. అలా నమోదు చేసి పెంచేవాళ్లకు అమెరికా నుంచి ఎవరైనా 120 వోల్టుల ఎమిటర్ తెచ్చిస్తే వాడకండి. మన 230 వోల్టుల్లో 100 వాట్లది దాదాపు 367 వాట్లు లాగి కాలిపోతుంది. హైదరాబాదులో ముఖ్యంగా డిసెంబరు, జనవరి రాత్రులకు హీటర్ అవసరం. ఏప్రిల్, మే నెలల్లో పెట్టెను చల్లగా ఉంచడమే పెద్ద పని.

మీ దగ్గరున్నది కార్న్ స్నేక్ అయితే ఈ ఖర్చులో చాలా భాగం తప్పుతుంది. రాత్రి 20-21 దాకా దిగినా దానికి ఇబ్బంది ఉండదు, చాలా ఇళ్లలో దీపం ఆర్పేస్తే చాలు.