జీడిపప్పు యూనిట్‌కి ఏది మేలు: టాలీనా, ఈఆర్‌పీనెక్స్టా, శాప్ బిజినెస్ వన్నా?

లెక్కల సాఫ్ట్‌వేర్ డెమో చూపించడానికి విశాఖ నుంచి వచ్చిన కుర్రాడు స్క్రీన్ మీద ఒక సైకిల్ తయారు చేశాడు. హ్యాండిల్ ఒకటి, చక్రాలు రెండు, పెడళ్లు రెండు, సీటు ఒకటి. అన్నీ కలిపితే సైకిల్ ఒకటి. ఎంత సరుకు తగ్గిందో, ఎంత ఖర్చయిందో చక్కగా లెక్క పడింది. మా ఓనరు గారు చివరిదాకా ఓపిగ్గా చూసి అడిగారు: "బాగుంది బాబూ. మరి మేం సైకిల్ విప్పుతాం కదా, దానికేటి సెయ్యాలి?"

కుర్రాడికి అర్థం కాలేదు. యూనిట్ లెక్కలు చూసే నాకు మాత్రం ఆరు నెలలుగా చెప్పలేకపోతున్న మాట దొరికింది.

శ్రీకాకుళం జిల్లా పలాస–కాశీబుగ్గలో మా పనంతా విప్పే పనే. 80 కిలోల పిక్కల (తొక్కతో ఉన్న జీడిగింజల) బస్తా లోపలికి వెళ్తుంది. ఆవిరిలో ఉడికించి, కటింగ్ చేసి, బోర్మాలో, అంటే వేడిగాలి గదిలో ఆరబెట్టి, పొట్టు తీసి, గ్రేడింగ్ చేసేసరికి అటువైపు నుంచి పది పదిహేను రకాలు బయటికొస్తాయి. గుండ్లలోనే, అంటే విరగని పప్పులోనే డబ్ల్యూ 180, 210, 240, 320. తర్వాత బద్దలు, పెద్ద ముక్కలు, చిన్న ముక్కలు. ఇవి కాక తొక్క, పొట్టు. డబ్ల్యూ 240 అంటే పౌనుకు 240కి మించకుండా తూగే గుండ్లు. అంకె తగ్గేకొద్దీ గుండు పెద్దది, ధర ఎక్కువ. దారిలో ప్రతి గదిలోనూ తరుగు ఉంటుంది. తేమ పోయిన తరుగుకి ఎవరూ ఏమీ చెయ్యలేరు. మిగతా తరుగు ఎక్కడిది అన్నదే రోజూ గొడవ.

ఆ గొడవ చిన్నది కాదు. దిగుమతి పిక్కల దిగుబడిని పౌన్లలో చెబుతారు. 48 అంటే 80 కిలోల బస్తాకు 48 పౌన్ల పప్పు, అంటే సుమారు 21.8 కిలోలు. ఒక్క పౌను తగ్గితే బస్తాకు 450 గ్రాములు. వెయ్యి బస్తాల లాట్‌లో 450 కిలోలు. కిలో 700 రూపాయల లెక్కన వేసుకున్నా మూడు లక్షల పైమాటే. ఆ ఒక్క పౌను ఏ గదిలో పోయిందో చెప్పగలదా లేదా అన్న ఒక్క ప్రశ్నతోనే నేను టాలీ, ఈఆర్‌పీనెక్స్ట్, శాప్ బిజినెస్ వన్ అనే మూడు సాఫ్ట్‌వేర్లనీ చూశాను.

ముందు టాలీ. మన జిల్లాలో అకౌంటెంట్ ఉద్యోగానికి వచ్చే ప్రతి పిల్లవాడికీ అది వచ్చు, ఆడిటర్‌కీ అదే కావాలి. జీఎస్టీ విషయంలో దానికి వంక పెట్టలేం. రైతు దగ్గర నేరుగా పిక్కలు కొంటే రివర్స్ ఛార్జ్ కింద పన్ను మనమే కట్టాలి, ట్రేడర్ దగ్గర కొంటే ఆయన బిల్లులోనే వేస్తాడు. ఒకే రోజు రెండు రకాల కొనుగోళ్లు జరిగే ఊళ్లో ఈ తేడా చూసుకోవాల్సిందే, టాలీలో అది అలవాటైన పని. టర్నోవర్ 5 కోట్లు దాటినవాళ్లకు 2023 ఆగస్టు 1 నుంచి ఈ-ఇన్‌వాయిస్ తప్పనిసరి అయినప్పుడు కూడా మాకు పెద్ద టెన్షన్ పడలేదు.

టాలీకి తయారీ లెక్క రాదనుకుంటే పొరపాటే. గోడౌన్లు పెట్టుకోవచ్చు, బ్యాచ్ నంబర్లు ఇవ్వొచ్చు, మాన్యుఫాక్చరింగ్ జర్నల్‌లో, అంటే తయారీ రాసే ఎంట్రీలో ఉప ఉత్పత్తులూ స్క్రాపూ చూపించొచ్చు. చిక్కల్లా అది రాసే చోటు. బోర్మా నుంచి ఎంత వచ్చిందో బోర్మా దగ్గరున్న మేస్త్రి చీటీ మీద రాస్తాడు. చీటీలన్నీ సాయంత్రం ఆరింటికి నా టేబుల్ మీదకొస్తాయి. నేను మొత్తం కూడి ఒక్క జర్నల్ వేస్తాను. అంటే లోపలికి ఇన్ని బస్తాలు, బయటికి ఇంత పప్పు. మధ్యలో నాలుగు గదుల తరుగూ ఒకే అంకెలో కలిసిపోతుంది. గదికో జర్నల్ వెయ్యొచ్చు కదా అంటారు. నెల రోజులు వేశాను. రాత్రి పదింటికి ఇంటికెళ్లడం తప్ప ఒరిగిందేమీ లేదు.

ఈఆర్‌పీనెక్స్ట్ దగ్గరే నేను ఎక్కువ కాలం గడిపాను, చివాట్లూ అక్కడే ఎక్కువ తిన్నాను. ఇది ముంబైలోని ఫ్రాపే వాళ్లది, ఓపెన్ సోర్స్, అంటే కోడ్ అందరికీ తెరిచే ఉంటుంది. మనిషికింత అని లైసెన్స్ ఫీజు ఉండదు. మాలాంటి యూనిట్‌కి అదే పెద్ద ఆకర్షణ. ఎందుకంటే మాకు ఆఫీసులో కూర్చునే ఇద్దరికి కాదు, కటింగ్, బోర్మా, పీలింగ్, గ్రేడింగ్, ప్యాకింగ్ దగ్గరున్న ఐదుగురికి లాగిన్ కావాలి. చీటీ నా టేబుల్ దాకా రాకుండా, తూచిన చోటే ఫోన్‌లో అంకె పడాలి.

అయితే ఫీజు లేదంటే ఉచితం అని కాదు. సెటప్ చేసే మనిషికి డబ్బు, నేర్పడానికి డబ్బు, వెర్షన్ మారినప్పుడు మళ్లీ డబ్బు. మాకు మొదట కుదిరినవాళ్లు సగం పని చేసి ఫోన్ ఎత్తడం మానేశారు. ఆ మూడు నెలలూ సాఫ్ట్‌వేర్‌ని తిట్టుకున్నాను గానీ, తప్పు దానిది కాదు. అడ్వాన్స్ మొత్తం ముందే ఇచ్చేసిన మాది.

విప్పే పని దీనిలో ఎలా? మామూలు వర్క్ ఆర్డర్ సైకిల్ పద్ధతిలోనే నడుస్తుంది: చాలా వస్తువులు లోపలికి, ఒకటి బయటికి. మేం గ్రేడింగ్‌కి రీప్యాక్ ఎంట్రీ వాడుకున్నాం. ఒక లాట్ పప్పు లోపలికి, పది గ్రేడులు బయటికి. ఏ గ్రేడుకి ఎంత ఖరీదు పంచాలో మాత్రం మేం వాడిన వెర్షన్‌లో మనమే చెప్పాలి. బరువును బట్టి పంచితే చిన్న ముక్కకీ డబ్ల్యూ 180కీ కిలోకి ఒకే ఖరీదు పడుతుంది, అప్పుడు ముక్కలన్నీ నష్టానికి అమ్ముతున్నట్టు కనిపిస్తుంది. ఒక నెల అలాగే కనిపించి ఓనరు గారికి నిద్ర పట్టలేదు. మార్కెట్ ధరల నిష్పత్తిలో పంచడం మొదలుపెట్టాకే కుదుటపడ్డాం.

అంతకన్నా పెద్ద దెబ్బ కొలతల దగ్గర తగిలింది. బస్తా అంటే 80 కిలోలు అని మాస్టర్‌లో, అంటే సాఫ్ట్‌వేర్‌లోని వస్తువుల పట్టికలో పెట్టేశాం. కానీ పచ్చిగా కొన్న బస్తా ఎండాక 80 ఉండదు కదా. ఎండబెట్టిన సరుకుని కూడా బస్తాల్లోనే ఎంట్రీ వేస్తూ పోతే, గోడౌన్‌లో లేని పిక్కలు కంప్యూటర్‌లో పేరుకుపోయాయి. టిన్ను సంగతీ అంతే. లోకల్ అమ్మకానికి టిన్ను 10 కిలోలు, ఎగుమతి టిన్ను 25 పౌన్లు, అంటే 11.34 కిలోలు. ఒకే పేరు, రెండు బరువులు. దీన్ని పట్టుకున్నది నేనూ కాదు, కన్సల్టెంటూ కాదు. గ్రేడింగ్ దగ్గర మేమంతా అప్ప అని పిలిచే ఆవిడ ఫోన్ చూసి, "ఇదేటి బాబూ, మన గదిలో ఇన్ని టిన్నులు ఎక్కడున్నాయి?" అంది. ఆ రోజు నుంచి లోపల జరిగే ఏ ఎంట్రీ అయినా కిలోల్లోనే. బస్తా, టిన్ను అన్న మాటలు కొనుగోలు బిల్లులోనూ అమ్మకం బిల్లులోనూ తప్ప ఇంకెక్కడా ఉండకూడదని తీర్మానించాం.

శాప్ బిజినెస్ వన్ గురించి క్లుప్తంగా చెప్తాను, ఎందుకంటే మా స్థాయికి అది దూరం. చూసినంతలో, విప్పే పనికి విడిగా ప్రొడక్షన్ ఆర్డర్ రకం ఉన్నది దానిలోనే. సైకిల్ ప్రశ్నకు తడుముకోకుండా జవాబు చెప్పిందీ అదే. కానీ మనిషికింత అని లైసెన్స్, పార్ట్‌నర్ కంపెనీకి ఏటా మెయింటెనెన్స్. రెండు మూడు యూనిట్లు, ఆఫ్రికా నుంచి సొంత దిగుమతి, బ్యాంకు ఎల్సీలు (దిగుమతి చెల్లింపుకి బ్యాంకు ఇచ్చే హామీ పత్రాలు) ఉన్నవాళ్లకు ఆ ఖర్చు గిట్టొచ్చు. డబ్బుంటే చాలు అనుకునేవాళ్లు జర్మనీ సూపర్‌మార్కెట్ సంస్థ లిడ్ల్ సంగతి కూడా చదవాలి. శాప్ పెద్ద సాఫ్ట్‌వేర్ కోసం ఏళ్ల తరబడి పనిచేసి, దాదాపు 50 కోట్ల యూరోలు ఖర్చయ్యాక 2018లో వదిలేశారు. వాళ్లు సరుకుని కొన్న ధరకు లెక్కేసుకుంటారు, ఆ సాఫ్ట్‌వేర్ మామూలుగా అమ్మే ధరకు లెక్కేస్తుంది. అలవాటు మార్చుకోకుండా సాఫ్ట్‌వేర్‌ని మార్చబోవడం అక్కడ దెబ్బతీసిన కారణాల్లో ఒకటి. మా బస్తా కథ దీనికి చిన్న తమ్ముడు.

సర్వర్ మన గదిలో ఉండాలా, క్లౌడ్‌లో ఉండాలా అని అడిగితే ఉద్దానం వైపు వాళ్లకు నేను ఒక్క మాటే చెప్తాను: తిత్లీ తుఫాను గుర్తుందా? 2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున తీరం దాటింది. రోజుల తరబడి కరెంటు లేదు, చాలా షెడ్ల మీద రేకులు లేవు. ఆ షెడ్డులో సర్వర్ ఉండి ఉంటే? క్లౌడ్ అయితే నెట్ లేనన్నాళ్లు కనిపించదు గానీ పోదు. అందుకే క్లౌడే తీసుకున్నాం. తూకం చీటీ పుస్తకాన్ని మాత్రం మానలేదు. నెట్ లేని రోజు చీటీ, వచ్చాక ఎంట్రీ.

మొదలుపెట్టే తేదీ గురించి ఎవరూ హెచ్చరించరు. ఆడిటర్లందరూ ఏప్రిల్ 1 అంటారు, కొత్త లెక్కల సంవత్సరం కాబట్టి. మన దగ్గర మార్చి నుంచి మే దాకా తోటల్లోంచి కొత్త పిక్కలు దిగుతాయి. గేటు దగ్గర లారీలు నిలబడి ఉండగా కొత్త స్క్రీన్‌లో బస్తాలు ఎక్కించాలంటే ఎవరి తరం? మేం జూలైకి మార్చుకున్నాం. లోకల్ కొనుగోళ్లు సద్దుమణిగాయి, శ్రావణ మాసం ఆర్డర్లు ఇంకా మొదలవలేదు. అదీ అన్ని గదులూ ఒకేసారి కాదు, ముందు గ్రేడింగ్, ప్యాకింగ్, నెల తర్వాత పీలింగ్, చివరికి కటింగ్. వెనక నుంచి ముందుకు రావడమే మంచిదైంది, ఎందుకంటే గ్రేడింగ్ దగ్గర తూకం ఎప్పుడూ ఉన్నదే.

ఇప్పుడు మా దగ్గర పన్నులూ బ్యాంకూ టాలీలోనే ఉన్నాయి. లాట్లూ తరుగూ ఈఆర్‌పీనెక్స్ట్‌లో. వారానికోసారి స్టాక్ విలువ ఒక్క ఎంట్రీగా అటు నుంచి ఇటు వేస్తాను. రెండు చోట్ల లెక్క ఎందుకు, ఒకదానిలోనే పెట్టొచ్చు కదా అని కన్సల్టెంట్ ఇప్పటికీ అంటాడు. పెట్టొచ్చు. ఆడిటర్‌కీ నాకూ కూడా ధైర్యం వచ్చాక పెడతాం. ఒక్క షెడ్డు, నలభై యాభై మంది కూలీలు, లోకల్ అమ్మకాలే ఉన్నవాళ్లు మాత్రం అంతదూరం రావక్కర్లేదు. టాలీ ఉంచుకుని గదికో తూకం పుస్తకం పెట్టుకుంటే మాకు తెలిసినదాంట్లో ముప్పావు వంతు తెలిసిపోతుంది.

గది గదికీ లెక్క మొదలయ్యాక మాకు దొరికిన మొదటి దొంగ ప్యాకింగ్ గదిలోని కాటా. టిన్నుకి 60 గ్రాములు ఎక్కువ పోస్తోంది. పీలింగ్ ఆడవాళ్ల మీద అప్పటిదాకా పడ్డ మాటలన్నిటికీ ఓనరు గారే వెళ్లి సారీ చెప్పొచ్చారు.