పారిస్ సితే ఆర్టిస్ట్ రెసిడెన్సీ: అప్లై చేసే ముందు ఇది చదవండి

పారిస్‌లో ఆర్టిస్టులు కొన్ని నెలలు ఉండి పని చేసుకునే రెసిడెన్సీ, సితే ఇంటర్నాసియోనాల్ దెజార్ (పొట్టిగా సితే) ఎలా ఉంటుందని అడిగేవాళ్ళు ఎక్కువయ్యారు, ముఖ్యంగా హైదరాబాద్, వైజాగ్ ఫైన్ ఆర్ట్స్ పిల్లలు, అందుకే అన్నీ ఒకేచోట రాసేస్తున్నా. నేను ఎచింగ్ చేస్తాను, అంటే లోహపు ప్లేట్ మీద యాసిడ్‌తో గీతలు చెక్కి, ఇంక్ పూసి కాగితం మీద ప్రింట్ తీయడం. ఒక చలికాలమంతా అక్కడ ఉండి పని చేసుకుని వచ్చా. నా వరకు ఐదుకి ఐదు స్టార్లు, కళ్ళు మూసుకుని ఇస్తా. కానీ అందరికీ సెట్ అయ్యే చోటు కాదు, ఎందుకో చెప్తా.

ముందు ప్లేస్ గురించి. సెయిన్ నది ఒడ్డున మరే అనే పాత పేటలో ఉంది, పోన్ మరీ మెట్రో దిగితే నడక కూడా అక్కర్లేనంత దగ్గర. 1965లో మొదలైంది. మోంమార్త్ర్ కొండ మీద ఇంకో క్యాంపస్ ఉంది, రెండూ కలిపితే 300 పైన స్టూడియోలు. స్టూడియో అంటే ఇల్లూ పని గదీ ఒకటే, మంచం, చిన్న వంటగట్టు, బాత్రూమ్, పెద్ద కిటికీ, పని టేబుల్ అన్నీ అందులోనే. రెండు నెలల నుంచి ఏడాది దాకా ఉండొచ్చు. పెయింటర్లే కాదు, సంగీతం వాళ్ళు, డాన్స్ వాళ్ళు, రచయితలు, సినిమావాళ్ళు అందరూ ఉంటారు. ఎచింగ్, స్క్రీన్ ప్రింటింగ్ చేసుకునే వర్క్‌షాపులున్నాయి, సిరామిక్స్ వాళ్ళకి కొలిమి ఉంది. బిల్డింగ్ చూస్తే పెద్దగా ఏమనిపించదు, అరవైల నాటి కాంక్రీటు కట్టడం, కోటల్లాంటివి ఊహించుకుని వెళ్ళకండి.

అసలు విషయం ఏంటంటే అక్కడ మనల్ని ఎవరూ ఏమీ అడగరు. ఇవాళ ఎంత చేశావ్, చివర్లో ఎగ్జిబిషన్ పెడతావా, మాకు ఒక వర్క్ ఇచ్చి వెళ్తావా, ఏదీ ఉండదు. అంతకుముందు వేరే దేశంలో ఇంకో రెసిడెన్సీకి వెళ్ళా, పేరొద్దులే, అక్కడ వారం వారం ప్రెజెంటేషన్, స్కూలు పిల్లలకి వర్క్‌షాపు, స్పాన్సర్లతో డిన్నరు, వెళ్ళేటప్పుడు ఒక వర్క్ డొనేషన్, ఇవన్నీ పోగా ప్లేట్ మీద గీత గీయడానికి మిగిలింది రాత్రిళ్ళే. దాని తర్వాత సితేకి వెళ్తే మొదటి వారం ఆ ఖాళీ చూసి భయమేసింది, తర్వాత అదే నాకు అన్నిటికంటే విలువైనదిగా అనిపించింది. మన దగ్గర పగలు ఉద్యోగం, సాయంత్రం ట్యూషన్లు, ఆదివారం పెళ్ళిళ్ళు, వీటి మధ్యలో ఆర్ట్ చేసేవాళ్ళకి పొద్దున లేవగానే నేరుగా పని దగ్గర కూర్చోవడం అంటే ఏంటో మాటల్లో చెప్పలేను.

అయితే అదే ఖాళీ కొంతమందిని తినేస్తుంది కూడా. పారిస్ కదా, మ్యూజియంలు తిరగడంలోనే నెలలు అయిపోతాయి (ఓర్సే మ్యూజియం నెలలో మొదటి ఆదివారం ఫ్రీ, అదొక్కటి మాత్రం మిస్ కావద్దు). ఈ ఊళ్ళోనే చేయాల్సిన పని ఏదో ఒకటి మనసులో పెట్టుకుని వెళ్ళండి. అప్లికేషన్లో కూడా "నాకు ఇన్స్పిరేషన్ కావాలి" అని రాస్తే కుదరదు, పారిసే ఎందుకు అనేదానికి గట్టి జవాబు ఉండాలి.

నా జవాబు ప్రింట్‌మేకర్ కృష్ణారెడ్డి గారు. మన చిత్తూరు జిల్లా నందనూరులో 1925లో పుట్టి, శాంతినికేతన్లో నందలాల్ బోస్ దగ్గర చదువుకుని, లండన్ స్లేడ్ స్కూలు మీదుగా పారిస్ చేరి, శిల్పి జాడ్కిన్ దగ్గర శిల్పం నేర్చుకుని, తర్వాత హేటర్ అనే ప్రింట్‌మేకర్ నడిపిన అతెలియే 17 అనే ప్రింట్ వర్క్‌షాపులో చేరి దానికే కో డైరెక్టర్ అయిన మనిషి. ఒకే ప్లేట్ మీద రకరకాల రంగులు వేసి ఒకే సారి ప్రెస్‌లోంచి తీసే విస్కాసిటీ ప్రింటింగ్ అక్కడే తయారైంది, అందులో ఆయనది, ఇంకో భారతీయ ప్రింట్‌మేకర్ కైకో మోతీది పెద్ద చెయ్యి. పని ఎలా జరుగుతుందంటే ప్లేట్‌ని వేర్వేరు లోతుల్లో చెక్కుతారు, అవిసె నూనె కలిపి ఒక ఇంక్ పల్చగా, ఇంకోటి చిక్కగా ఉంచుతారు, గట్టి రోలర్ పై మట్టాన్నే తాకుతుంది, మెత్తటి రోలర్ కిందికి దిగుతుంది, నూనె ఎక్కువున్న ఇంక్ పడ్డచోట చిక్కటి ఇంక్ అంటుకోదు. చదివితే సులువే, చేతికి రావాలంటే మాత్రం పక్కన తెలిసినవాళ్ళు నిలబడి రోలర్ ఎంత నొక్కాలో చూపించాలి. హేటర్ 1988లో పోయాక ఆ వర్క్‌షాపు పేరు అతెలియే కాంత్రపోయాన్ అయింది, సితే నుంచి అక్కడికి వెళ్ళి పని చేసుకున్న ఆ రోజుల కోసమే నేను మళ్ళీ అప్లై చేస్తా. కృష్ణారెడ్డి గారు 1963లో చేసిన వర్ల్‌పూల్ ప్రింటు పుస్తకంలో ఎన్నేళ్ళుగానో చూస్తున్నా, ఆ సుడి అంతా ముందు ప్లేట్ మీద శిల్పంలా చెక్కిన లోతు అని చేత్తో పని చేశాకే నాకు పూర్తిగా అర్థమైంది. 2018లో న్యూయార్క్‌లో పోయారాయన. మన ఫైన్ ఆర్ట్స్ కాలేజీల్లో ఆయన గురించి ఒక సెమిస్టర్ అయినా చెప్పాలి అంటాను.

బుధవారం సాయంత్రం ఓపెన్ స్టూడియోలు ఉంటాయి, ఇష్టమున్నవాళ్ళు తలుపు తీస్తారు, బయటివాళ్ళు కూడా వస్తారు. మన ఊళ్ళో షోకి వచ్చినవాళ్ళు బాగుంది అనో, ఎంతకి ఇస్తావ్ అనో అడిగి టీ తాగి వెళ్ళిపోతారు. అక్కడ పైఅంతస్తులో ఉండే సంగీతం ఆవిడ నా గోడ ముందు కుర్చీ వేసుకుని కూర్చుంది, ఈ మూల ఎందుకు ఖాళీగా వదిలావ్ అని ఆ ఒక్కదాని మీదే బోలెడంతసేపు మాట్లాడింది. ప్రింట్‌మేకింగ్ తెలియని మనిషి అడిగిన ఆ ప్రశ్న వల్ల నా సిరీస్ దారి మారింది. ఇంగ్లీషు సరిగ్గా రాదని ఎవరూ మొహమాటపడి తలుపు వేసుకోకండి, అక్కడ సగం మందికి రాదు.

డబ్బు సంగతి తెలుసుకుని దిగండి. ఊరికే ఇవ్వరు, స్టూడియోకి నెలకి ఇంత అని మనమే కట్టాలి. పార్ట్‌నర్ సంస్థ ద్వారా వెళ్తేనో, స్కాలర్‌షిప్ ఉన్న ప్రోగ్రాంలో సెలెక్ట్ అయితేనో ఆ ఖర్చు తప్పుతుంది, కొన్నిటిలో నెలనెలా డబ్బు కూడా ఇస్తారు. నేరుగా అప్లై చేసే ముందు అలాంటివే వెతకండి. 90 రోజులు దాటితే లాంగ్ స్టే వీసా కావాలి, దిగిన మూడు నెలల్లోపు ఆన్‌లైన్లో వాలిడేట్ చేయాలి, ఇది వాయిదా వేయొద్దు. ఇంకులు ఇక్కడినుంచి మోసుకెళ్ళక్కర్లేదు, షార్బొన్నెల్ ఎచింగ్ ఇంక్ వాళ్ళ ఊరిదే, నది వెంట నడుచుకుంటూ పోతే కే వోల్టేర్ దగ్గర 1887 నాటి సెనెలియే షాపు, అందులో రంగుల అరలు చూస్తే బయటికి రాబుద్ధి కాదు. తిండికి లా షాపెల్ వైపు శ్రీలంక తమిళుల కొట్లున్నాయి, కరివేపాకు, చింతపండు, పచ్చిమిర్చి అన్నీ దొరుకుతాయి, పచ్చళ్ళు మాత్రం ఇంటినుంచే.

ఇంకో మాట, ఇది అకాడమీల్లో ఉన్నవాళ్ళెవరైనా చదివితే బాగుండు. ఆ బిల్డింగులో చాలా స్టూడియోలు రకరకాల దేశాల సంస్థలు తమ ఆర్టిస్టుల కోసం పెట్టుకున్నవి. సిడ్నీలోని ఆర్ట్ గ్యాలరీ ఆఫ్ న్యూ సౌత్ వేల్స్ అలాగే ఆస్ట్రేలియా వాళ్ళని పంపుతుంది. రెండు తెలుగు రాష్ట్రాలు కలిసి ఒక్క స్టూడియో తీసుకుని కృష్ణారెడ్డి గారి పేరు పెట్టి, ఏటా ఇద్దరు ముగ్గురు పిల్లల్ని పంపితే ఎంత అవుతుంది చెప్పండి? ఒక విగ్రహం పెట్టే ఖర్చు చాలదా?