కొత్త డిజైన్ ల్యాప్‌టాప్: రాగానే కొనాలా, ఒక ఎండాకాలం దాటనివ్వాలా?

పోయిన నెలలో మా మేనల్లుడు ఫోన్ చేశాడు. "మామా, నేను చూస్తున్న మోడల్ కొత్తది వచ్చేసింది. బాడీ అంతా మార్చేశారు. మొదటి సేల్‌లో కార్డు మీద తగ్గింపు కూడా ఉంది. ఆర్డర్ పెట్టేద్దామా?" అని అడిగాడు. వాడు కర్నూలు జగన్నాథగట్టు మీద ట్రిపుల్ ఐటీలో మూడో ఏడు చదువుతున్నాడు. వాళ్ల నాన్న కోడుమూరు దగ్గర ఉల్లి వేస్తాడు. ఆ ఇంట్లో లక్ష రూపాయలంటే ఒక పంట మీద మిగిలే డబ్బు, అదీ ధర పలికిన ఏడు. అందుకని వెంటనే సరే అనలేకపోయాను. "రెండు రోజులాగు అల్లుడూ, చూసి చెప్తా" అన్నాను.

నేను కర్నూలు పాతబస్టాండు దగ్గర పదిహేనేళ్లుగా పెళ్లి వీడియోల ఎడిటింగ్, ఆల్బమ్ డిజైనింగ్ చేస్తున్నాను. మిషన్ ఆగితే పని ఆగుతుంది, పని ఆగితే పెళ్లివాళ్ల ఫోన్లు మొదలవుతాయి. ఊరికే "ఆగు" అని చెప్పడం తేలికే. కానీ ఎంతకాలం ఆగాలి, దేనికోసం ఆగాలి, ఎవరు ఆగనక్కర్లేదు అన్నది చెప్పకపోతే ఆ సలహాకు విలువ లేదు.

మారింది ఏమిటి?

"కొత్త మోడల్" అన్న మాటలో రెండు రకాలున్నాయి. ఏటా వచ్చే వాటిలో ఎక్కువ భాగం పాత బాడీలో కొత్త చిప్. కీబోర్డు, స్క్రీన్, హింజ్ (మూత తిరిగే కీలు), ఛార్జింగ్ పోర్టు అన్నీ నిరుటివే. అలాంటిది మొదటి రోజే కొన్నా నాకు భయం లేదు. ఆ బాడీలో లోపాలుంటే ఏడాది వాడినవాళ్లు ఈపాటికే చెప్పేసి ఉంటారు. పార్టులు కూడా సర్వీస్ సెంటర్లకు చేరి ఉంటాయి.

బాడీనే మార్చేసే రీడిజైన్ సంగతి అలా కాదు. పలచగా చేయడం కోసం కీబోర్డు మార్చారు, హింజ్ మార్చారు, వేడిగాలి బయటికి పోయే దారి మార్చారు అంటే, రోజూ చెయ్యి పడే చోట, వేడి పుట్టే చోట మార్పు జరిగిందని అర్థం. చిప్ దెబ్బతినడం అరుదు. అసలు జరగదని కాదు, 2011 జనవరిలో ఇంటెల్ శాండీ బ్రిడ్జ్ ప్రాసెసర్లతో పాటు వచ్చిన చిప్‌సెట్‌లో (ప్రాసెసర్‌ను మిగతా భాగాలతో కలిపే చిప్) లోపం ఆ నెలలోనే బయటపడి, కంపెనీయే సరఫరా ఆపి సరిచేసినవి ఇవ్వాల్సి వచ్చింది. అయినా నేను చూసినంతలో ముందుగా పోయేవి కదిలే భాగాలే.

దీనికి పెద్ద ఉదాహరణ ఆపిల్ బటర్‌ఫ్లై కీబోర్డు. 2015లో 12 అంగుళాల మ్యాక్‌బుక్‌తో వచ్చింది. 2016లో మ్యాక్‌బుక్ ప్రోను కొత్త బాడీలోకి మార్చినప్పుడు అందులోనూ అదే రకం పెట్టారు. సన్నటి దుమ్ము రేణువు దూరినా కీ ఇరుక్కుపోయేది, లేదంటే ఒకసారి నొక్కితే అక్షరం రెండుసార్లు పడేది. ఉచితంగా బాగుచేసిస్తామని కంపెనీ ప్రకటించింది 2018 జూన్‌లో. ఆ కీబోర్డును వదిలేయడం మొదలైంది 2019 నవంబరులో, 16 అంగుళాల మోడల్‌తో. 2016లో ఆశగా కొన్నవాళ్లకు ఉచిత రిపేరు మాట వినపడేసరికి ఏడాదిన్నర దాటింది. మన ఊళ్లో ఏప్రిల్ గాలి లేచిందంటే బల్ల తుడిచిన పది నిమిషాలకే మళ్లీ దుమ్ము పేరుకుంటుంది. అలాంటి కీబోర్డు ఇక్కడ ఎన్నాళ్లు బతుకుతుంది?

2022 జులైలో ఆపిల్ సొంత చిప్ ఎం2తో వచ్చిన మ్యాక్‌బుక్ ఎయిర్ కూడా కొత్త డిజైనే. మిషన్ మంచిదే. కానీ 256 జీబీ మోడల్‌లో, ముందు తరంలో రెండు స్టోరేజ్ చిప్‌లు ఉన్న చోట ఒక్కటే పెట్టారు. డిస్క్ చదివే వేగం దాదాపు సగానికి పడిపోయింది. జనం కొని పరీక్షలు చేశాకే అది తెలిసింది. 2024లో వచ్చిన ఎం3 ఎయిర్‌లో మళ్లీ రెండు చిప్‌లు పెట్టారు.

రీడిజైన్లన్నీ ఇలాగే ఉంటాయని అంటే అబద్ధమవుతుంది. 2021 అక్టోబరులో వచ్చిన 14, 16 అంగుళాల మ్యాక్‌బుక్ ప్రోలను రాగానే కొన్నవాళ్లు నష్టపోలేదు. తీసేసిన హెచ్‌డీఎంఐ పోర్టు, కెమెరా కార్డు స్లాట్, అయస్కాంతంతో అంటుకునే ఛార్జర్ తిరిగి తెచ్చారు. నాలాంటి వీడియోవాళ్లకు ఆ కార్డు స్లాట్ ఒక్కటే చాలు, పండగ చేసుకోవడానికి. అది పాత తప్పు దిద్దుకోవడానికి చేసిన డిజైన్. కొత్తదేదో చేసి చూపించాలని చేసిన డిజైన్‌కు, దానికి తేడా ఉంది. ఏది ఏ రకమో పెట్టిన పోర్టులు, తీసిన పోర్టులు చూస్తేనే చాలావరకు తెలిసిపోతుంది.

పార్టు రావడానికి ఇరవయ్యారు రోజులు

కొన్నేళ్ల కిందట నేనూ ఒక రీడిజైన్ మోడల్‌ను విడుదలైన వారంలోనే కొన్నాను. కంపెనీ పేరు ఎందుకులెండి. మూడో నెలలో హింజ్ బిగుసుకుపోయి, మూత ఎత్తేటప్పుడు స్క్రీన్ మూల పగిలింది. వారంటీ ఉంది కదా అని హైదరాబాదు తీసుకెళ్లాను. రెండు వందల కిలోమీటర్లు, పొద్దున బస్సెక్కితే మధ్యాహ్నానికి చేరడం. కౌంటర్‌లో అబ్బాయి మర్యాదగానే చెప్పాడు: "ఈ మోడల్ పార్టు ఇంకా మన స్టాక్‌లోకి రాలేదు సార్."

ఇరవయ్యారు రోజులు పట్టింది. అది మాఘమాసం. చేతిలో పదకొండు పెళ్లిళ్ల ఫుటేజీ ఉంది. అద్దెకు ఒక పాత డెస్క్‌టాప్ తెచ్చి రాత్రిళ్లు పనిచేశాను. రెండు ఆర్డర్లు చెయ్యలేనని చెప్పి అడ్వాన్సులు వెనక్కిచ్చాను. అందులో ఒకరు మా వీధివాళ్లే. ఇప్పటికీ ఎదురుపడితే నాకు మనసులో ముల్లు గుచ్చుకున్నట్టు ఉంటుంది.

బెంగళూరులో, హైదరాబాదులో ఉండేవాళ్లకు మొదటి బ్యాచ్ లోపమంటే ఒక సాయంత్రం పని. మనకు రెండు మూడు రోజుల కూలి, బస్సు చార్జీలు, పని నష్టం. ల్యాప్‌టాప్ ధరలో ఇది కనపడదు. అందుకే ఇప్పుడు ఏది కొనాలన్నా ముందు కంపెనీ కస్టమర్ కేర్‌కు ఫోన్ చేసి మూడు సంగతులు అడుగుతాను. 518001 పిన్‌కోడ్‌కు ఇంటికొచ్చి చేసే ఆన్‌సైట్ సర్వీసు ఉందా? ఈ మోడల్ కీబోర్డు, స్క్రీన్ మన రాష్ట్రం స్టాక్‌లో ఉన్నాయా? లేకపోతే ఎన్ని రోజులు పడుతుంది? రెండో ప్రశ్నకు "ఉన్నాయి" అన్న జవాబు వచ్చేదాకా ఆగడం మేలని నా నమ్మకం.

ఎండ సంగతి

ఇది మన జిల్లాలవాళ్లు తప్ప ఎవరూ పట్టించుకోని విషయం. మ్యాక్‌బుక్‌లు వాడటానికి ఆపిల్ చెప్పే గది ఉష్ణోగ్రత 10 నుంచి 35 డిగ్రీలు. కర్నూలులో ఏప్రిల్, మే నెలల్లో బయట 42 దాటడం మామూలే. కరెంటు పోయి ఫ్యాన్ ఆగితే, మేడ మీది గదిలో 35 అన్నది రాత్రి పది దాటాక మాట. ఫ్యాన్ లేని పలచటి ల్యాప్‌టాప్ వేడెక్కినప్పుడు తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది. బ్రౌజర్‌కు, రాతపనికి అది తెలియదు. గంటసేపు వీడియో రెండర్ (ఎడిట్ చేసినదాన్ని ఒక ఫైలుగా తయారుచేయడం) పెడితే తెలుస్తుంది. ఎక్కువ వేడిలో ఎప్పుడూ ఛార్జింగ్‌లోనే ఉంచితే బ్యాటరీ కూడా త్వరగా పాడవుతుంది.

కొత్త డిజైన్ మీద మొదటి వారంలో వచ్చే రివ్యూలు చాలావరకు ఏసీ గదుల్లో చేసినవే. ఆ బాడీ మన వేడికి ఎలా తట్టుకుంటుందో, ఇలాంటి ఊళ్లలో వాడినవాళ్లు ఒక మే నెల గడిచాకే చెప్పగలరు.

మరి ధర?

ఆగితే ధర తగ్గుతుందన్నది పూర్తి నిజం కాదు. ఎం2 ఎయిర్ 2022లో రూ. 1,19,900కు వచ్చింది. 2023 జూన్‌లో రూ. 1,14,900 అయింది. 2024 మార్చిలో రూ. 99,900కు దిగింది. ఆ అక్టోబరులో అదే ధరకు మెమరీని 8 జీబీ నుంచి 16 జీబీకి పెంచారు. ఆగినవాళ్లకు ఇరవై వేలు మిగిలింది, మెమరీ రెట్టింపయింది. కానీ అందుకు రెండేళ్లు పట్టింది. విద్యార్థి రెండేళ్లు ఆగితే చదువు సగం అయిపోతుంది. విండోస్ ల్యాప్‌టాప్‌ల ధరలు దసరా, దీపావళి సేళ్లలో కొంచెం త్వరగా దిగుతాయి.

ఇంకో చిక్కు కూడా వచ్చిపడింది. 2025 చివరి నుంచి ఏఐ డేటా సెంటర్ల గిరాకీతో ర్యామ్, స్టోరేజ్ ధరలు పైకి పోతున్నాయి. ఆ ఏడు డిసెంబరులో మైక్రాన్ కంపెనీ, మనం ఇన్నాళ్లూ షాపుల్లో కొన్న క్రూషియల్ బ్రాండు ర్యామ్ వ్యాపారాన్నే ఆపేస్తున్నామని ప్రకటించింది. కాబట్టి ధర కోసమే ఆగుతున్నామంటే ఇప్పుడు ఆలోచించుకోవాలి. నేను ఆగమనేది పార్టుల కోసం, ఎండ కోసం.

వ్యాపారం ఉన్నవాళ్లకు ఒక మాట. ల్యాప్‌టాప్ మీద జీఎస్టీ 18 శాతం. లక్ష రూపాయల బిల్లులో రూ. 15,254 పన్నే. రిజిస్ట్రేషన్ ఉన్నవాళ్లు తమ జీఎస్టీ నంబరుతో బిల్లు తీసుకుంటే అది క్రెడిట్‌గా వెనక్కొస్తుంది. కంప్యూటర్లకు ఆదాయపన్ను లెక్కలో 40 శాతం తరుగుదల (ఏటా విలువ తగ్గినట్టు ఖర్చుగా చూపుకునేది) ఉంది, కొన్న ఆర్థిక సంవత్సరంలో (ఏప్రిల్ నుంచి మార్చి) 180 రోజుల కన్నా తక్కువ వాడితే ఆ ఏడు అందులో సగమే. అంటే దీపావళి తగ్గింపు కోసం ఆగినవాళ్లు అక్టోబరు మొదటి రోజులు దాటించేస్తే, ఇక్కడ మిగిలింది అక్కడ కొంత పోవచ్చు. మీ ఆడిటర్‌ను అడిగి లెక్క వేసుకోండి.

నిరుటి మోడల్ దారి

కొత్తది వచ్చిన రోజున అసలు లాభపడేది, నిరుటి మోడల్ కొనేవాడని నా అభిప్రాయం. లోపాలు తెలిసిపోయాయి, పార్టులున్నాయి, షాపువాడు స్టాక్ వదిలించుకోవాలని చూస్తుంటాడు. నా ప్రస్తుత మిషన్ అలా కొన్నదే. నాలుగేళ్లు దాటినా హైదరాబాదు ముఖం చూడలేదు.

ఒక్క సందర్భంలో మాత్రం ఈ దారి తొక్కకూడదు. చిప్ జాతే మారిపోతున్నప్పుడు. 2020 జూన్‌లో ఆపిల్ ఇంటెల్‌ను వదిలి సొంత చిప్‌లకు మారుతున్నట్టు చెప్పింది. ఆ తర్వాత చవగ్గా దొరుకుతోందని ఇంటెల్ మ్యాక్ కొన్నవాళ్లలో కొందరికి 2025లో వచ్చిన టాహో సిస్టమ్ (మ్యాక్‌ను నడిపే సాఫ్ట్‌వేర్) అసలు దక్కలేదు, దక్కినవాళ్లకూ అదే చివరిది. విండోస్ వైపు దీనికి తలకిందుల కథ. 2024 జూన్‌లో ఆర్మ్ రకం (ఫోన్లలో ఉండే చిప్ జాతి) స్నాప్‌డ్రాగన్ చిప్‌లతో కొత్త ల్యాప్‌టాప్‌లు వచ్చాయి. బ్యాటరీ బాగా వస్తుంది. కానీ పాత ప్రింటర్లు, వేలిముద్ర యంత్రాలు, డిజిటల్ సంతకం టోకెన్ల డ్రైవర్లు (ఆ పరికరాలను నడిపే చిన్న సాఫ్ట్‌వేర్లు) ఆర్మ్ రకానివి ప్రత్యేకంగా ఉంటేనే వాటిలో పనిచేస్తాయి. మామూలు సాఫ్ట్‌వేర్‌ను ఆ ల్యాప్‌టాప్ అనువదించి నడిపిస్తుంది, డ్రైవర్లను అలా నడపలేదు. కలెక్టరేట్ చుట్టుపక్కల ఆన్‌లైన్ సెంటర్లు నడిపేవాళ్లు, ఆడిటర్ల ఆఫీసులవాళ్లు ఈ సంగతి కనుక్కోకుండా కొంటే మొదటి రోజే పని ఆగిపోతుంది.

ఇక ఆగనక్కర్లేనివాళ్లు ఎవరంటే, ఉన్న మిషన్ చచ్చిపోయి పని నిలిచినవాళ్లు, రెండో మిషన్ చేతిలో ఉన్నవాళ్లు, ఎక్కువ కాలం హైదరాబాదులోనో బెంగళూరులోనో గడిపేవాళ్లు. వీళ్లు కూడా బాక్సు తెరిచేటప్పుడు వీడియో తీసుకోవడం, మొదటి వారంలోనే హింజ్, కీబోర్డు, పోర్టులు అన్నీ పరీక్షించడం మర్చిపోవద్దు. మార్చి ఇచ్చే గడువు చాలా చోట్ల వారం పది రోజులే ఉంటుంది.

మా మేనల్లుడికి ఏం చెప్పాను? వాడి పాత ల్యాప్‌టాప్ తెప్పించి చూశాను. బ్యాటరీ తప్ప అన్నీ బాగున్నాయి. 8 జీబీ ర్యామ్‌కు ఇంకో 8 వేసుకునే స్లాట్ ఖాళీగా ఉంది, ర్యామ్ రేటు మండిపోతున్నా కొత్త మిషన్‌తో పోలిస్తే అది చిన్న ఖర్చే. బ్యాటరీ, ర్యామ్ రెండూ వేయించాం. "ఎండాకాలం దాటేదాకా దీంతో నడుపు అల్లుడూ. అప్పటికి కొత్తది ఎలా ఉందో తెలుస్తుంది. ఇంకా మనసు దాని మీదే ఉంటే నేనే వచ్చి కొనిపిస్తా" అన్నాను. మొదట ముఖం చిన్నబుచ్చుకున్నాడు. తర్వాత వాళ్ల నాన్నతో ఏం మాట్లాడుకున్నాడో, సరే మామా అన్నాడు.

నిన్న సర్వీస్ సెంటర్‌కు ఫోన్ చేసి ఆ మోడల్ నంబరు చెప్పి, కీబోర్డు, స్క్రీన్ స్టాక్ ఉన్నాయా అని అడిగాను. ఇంకా రాలేదన్నారు. వచ్చే నెల మళ్లీ చేస్తాను.